అందరి సీసాలూ ఒకటే గిన్నెలో

ల్యాబ్ ఆయన తెచ్చిన కబురు పోయిన వారం చదివినవాళ్ళకి తెలిసిందే. అలర్జీ క్లినిక్‌లో ఒళ్ళంతా దురదతో, పిల్లికూతలతో బాధపడే పిల్లల మీద డి విటమిన్ పరీక్ష జరుగుతోంది. సగం మంది పిల్లల చుక్కల్లో విటమిన్ ఉంటుంది. మిగతా సగం మందివి ఉత్త నూనె చుక్కలు. కాబట్టి రక్తంలో విటమిన్ ఎంతుందో చూస్తే ఆ పిల్లలు రెండు గుంపులుగా విడిపోవాలి, ఒకటి పైన, ఒకటి కింద. అలా కాకుండా కొన్ని ఇళ్ళ పిల్లల రక్తాలు ఎక్కువా తక్కువా కాకుండా మధ్యలో ఒకటే కుప్పగా పడ్డాయి. "మందు తయారైన చోట జరిగిందా తప్పు, మన దగ్గరా? కనుక్కునిరా అమ్మా," అని పెద్ద డాక్టరమ్మ నర్సుని పంపింది. నర్సు ఆ ఇళ్ళన్నీ తిరిగింది. ఎవరూ నోరు విప్పలేదు. విసిగిపోయి, బాగుచేయమని ఇచ్చిన యూనిఫాం తీసుకుందామని తన అక్క కుట్టుగదికి వెళ్ళి తలుపు తోసింది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద స్టీలు గిన్నె, గరాటు, మూతలు తీసిన గోధుమరంగు సీసాలు కనిపించాయి.

బల్ల చుట్టూ ముగ్గురున్నారు. గరిటెతో గిన్నె కలుపుతున్నది అక్క. గరాటు పట్టుకున్నది కవలల తల్లి. ఆవిడ బేకరీలో పనిచేస్తుంది, మోచేతుల దాకా పిండి మరకలు పోనే పోవు. మూడో ఆవిడ బస్సు కండక్టరు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, టికెట్ల సంచీ భుజానే ఉంది, సీసాల మూతలు వరసగా పేరుస్తోంది. ముగ్గురి పిల్లలూ పరీక్షలో ఉన్నవాళ్ళే. అక్క కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. ఆ పిల్ల ఆ వేళకి బడిలో ఉంది.

కుట్టుమిషను మీద వేలాడుతున్న టేపు ఒక్కటే ఫ్యాను గాలికి కదులుతోంది.

"గొళ్ళెం పెట్టమని చెప్పానా లేదా?" అంది కండక్టరు, ఎవరి వైపూ చూడకుండా.

"పెట్టాననే అనుకున్నా," అంది కవలల తల్లి.

అక్క గరిటె వదల్లేదు. "వచ్చావా, కూర్చో. నీ యూనిఫాం నడుం దగ్గర వదులు చేశాను. ఈమధ్య కాస్త ఒళ్ళు చేశావే," అంది ఏమీ జరగనట్టు.

"ఏంటక్కా ఇది?"

"కనిపిస్తోంది కదా, మళ్ళీ అడగడమెందుకు?"

నర్సు బల్ల దగ్గరికి వచ్చింది. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఆ నంబర్ల చీటీలు అంటించింది తనే. ఏ నంబరు సీసాలో విటమిన్ ఉందో, దేనిలో ఉత్త నూనె ఉందో తనకీ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. తెలిస్తే చూసే చూపులోనే తేడా వస్తుందని అలా పెట్టారు. ఇప్పుడు అన్ని నంబర్ల నూనె ఒకటే గిన్నెలో, లేత పసుపు రంగులో, నిదానంగా సుడి తిరుగుతోంది.

ఆమెకి కోపం రాలేదు. కోపం రావడానికి ముందు మనిషికి అర్థం కావాలి కదా. ఆమె ఇంకా ఆ లెక్కలోనే ఉంది. తిరిగొచ్చిన సీసాలు తూచినప్పుడల్లా ఈ వీధులవాళ్ళ దగ్గర చుక్క తేడా ఉండేది కాదు. ఒక్క పూట మానలేదు, ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. "వీళ్ళని చూసి నేర్చుకోండి," అని మిగతా తల్లులకి క్లినిక్‌లో చెప్పేవాళ్ళు. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశారు. సీసాలు ఒకరివొకరు కలుపుకోకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"మొదట్నుంచీ," అంది కవలల తల్లి. గరాటు బల్ల మీద పెట్టేసి చేతులు కొంగుకి తుడుచుకుంది. "మీ అక్కననకండి నర్సమ్మా. మొదలుపెట్టింది నేను. మా పిల్లలిద్దరికీ రెండు సీసాలిచ్చారు. రెండు నంబర్లు. ఇంటికెళ్ళి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నా. వీటిలో ఒకటి ఉత్త నూనె కావచ్చన్నారు మీరే. ఏ పిల్లాడి నోట్లో మందు పోస్తున్నానో, ఏ పిల్లాడి నోట్లో నూనె పోస్తున్నానో తెలీదు. ఒకే కడుపున పుట్టినవాళ్ళకి ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టమంటారా నన్ను? రెండూ గ్లాసులో పోసి కలిపేశా. ఇద్దరికీ సగం మందైనా అందుతుంది కదా. ఆ రాత్రి హాయిగా నిద్రపోయా."

"తర్వాత నాకు చెప్పింది," అంది కండక్టరు. "నాకూ సబబే అనిపించింది. టికెట్టు అందరికీ కొట్టి, సీటు మాత్రం సగం మందికే ఉంటుంది, ఎవరికో మాకూ తెలీదు అంటే నా బస్సులో నన్ను బతకనిస్తారా?"

"మీకు సీటమ్మలేదు. ఇలా అని ముందే చెప్పాం. ఇష్టముంటేనే చేరమన్నాం. ఇష్టమేనని సంతకాలు పెట్టారు."

"పెట్టాం. సంతకం పెట్టినప్పుడు పిల్లలు మా ఒళ్ళో లేరుగా, ఎదురుగా మీ డాక్టరమ్మ ఉంది. ఇంటికెళ్ళాకే కదా గోకుడు మొదలయ్యేది," అంది కండక్టరు.

కవలల తల్లి ఫక్కున నవ్వి, నర్సు ముఖం చూసి నవ్వు మింగేసింది.

నర్సు అక్క వైపు తిరిగింది. మిగతావాళ్ళ సంగతి వేరు. పిచ్చుకని పరీక్షలో చేర్చుకునేటప్పుడు డాక్టరమ్మ అడిగింది, సొంత అక్క కూతురంటున్నావు, ఇబ్బంది రాదు కదా అని. "మా అక్కకి నేను పూచీ మేడమ్," అంది తను. ఆ మాట ఇప్పుడు చెవిలో వినిపించింది. "నువ్వెట్లా ఒప్పుకున్నావక్కా? వీళ్ళకి తెలీదనుకుందాం. నీకు నేను ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు చెప్పావు. చక్కగా చెప్పావు. నీ చెప్పడంలో లోపం లేదు."

"మరి?"

అక్క గరిటె గిన్నె అంచుకి ఆనించింది. "చూడు. గిన్నె పెట్టాలన్నా, అందరూ కూర్చోవాలన్నా ఇంత బల్ల ఎవరింట్లోనూ లేదు. అందుకని ఇక్కడికొచ్చారు. ఎవరి పిల్లకీ అన్యాయం జరగలేదు. నీ సీసాలు గీత దాకా నింపి నీకిస్తున్నాం. నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువైందా?" నర్సు పక్కనున్న గుడ్డముక్కల్లోంచి రెండు తీసి బల్ల మీద వేసింది. "కొత్త తాను వస్తే నువ్వేం చేస్తావు? ఉతికితే కుంచించుకుపోతుందో లేదో చూడ్డానికి ఒక ముక్క తడుపుతావు, ఒకటి పొడిగా ఉంచుతావు. ఆరాక పక్కపక్కన పెట్టి కొలుస్తావు. రెండూ తడిపేస్తే?"

"తెలీదు."

"అంతే. ఇప్పుడు మాకూ తెలీదు. ఈ చుక్కలు దురదకి పనిచేస్తాయో లేదో ఎవరికీ తెలీకే కదా ఈ పరీక్ష. కొందరు డాక్టర్లు చేస్తాయంటారు, కొందరు చెయ్యవంటారు. తేలితే పనికొస్తుందనుకున్నాం. మీరు రెండు ముక్కలూ ఒకే నీళ్ళలో ముంచారు."

అక్క ఆ రెండు ముక్కలనీ చేతిలోకి తీసుకుని, అలవాటుగా అంచులు కలిపి మడత పెట్టింది. "పొడి ముక్క రాత్రంతా గోక్కోదు కదే," అంది.

కిటికీ కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు.

"పిచ్చుక మోచేతులు చూశావా ఈమధ్య?" అక్క గొంతు కాస్త పెరిగింది. "పోయిన చలికాలమంతా చొక్కాకి రక్తం మరకలు. చేతులకి నా పాత సాక్సులు తొడిగి పడుకోబెట్టేదాన్ని. పక్కబెంచీ పిల్ల పక్కన కూర్చోనంటే బడి మానేస్తానని ఏడ్చింది. ఇప్పుడు పొట్టి చేతుల గౌను కుట్టిమ్మంటోంది. నేను కుట్టాను. తగ్గింది. నీ రెండు ముక్కలు నువ్వు కొలుచుకో."

"తగ్గింది, నేనూ చూశాను. ఎందుకు తగ్గింది? చుక్కల వల్లా? క్లినిక్‌లో మేం వెంటపడి పూయిస్తున్న ఆయింట్‌మెంటు వల్లా? చలి పోయినందుకా? పెద్దదవుతున్నందుకా? ఏదో చెప్పు."

"ఎందుకైతే ఏం?"

"చలి మళ్ళీ వస్తుందక్కా. అప్పుడు మళ్ళీ పొక్కితే ఏం చెయ్యాలో నీకు తెలియాలి. పిచ్చుక తర్వాత పుట్టే పిల్లల తల్లులకి తెలియాలి."

"తర్వాత పుట్టే పిల్లల తల్లులు తర్వాత ఏడుస్తారు. నా ఏడుపు నాది," అంది అక్క. తర్వాత మెల్లగా, "నీ చదువు తెచ్చి నా మీదే రువ్వుతున్నావు," అని చేర్చింది.

అక్కాచెల్లెళ్ళ మాటల మధ్య దూరడం మంచిది కాదని కవలల తల్లికి తోచినట్టుంది, సీసాల చీటీలు సరిచేస్తూ తల వంచుకుంది. కండక్టరుకి అలాంటి మొహమాటాలు లేవు. బస్సులో రోజూ ఎన్ని తగాదాలు తీరుస్తుందో. "ఊరుకోండమ్మా ఇద్దరూ. పలచనైపోయిందనే కదా నర్సమ్మ బాధ. దానికీ మందు చూశాగా," అంటూ టికెట్ల సంచీలోకి చెయ్యి పెట్టి ఒక చిన్న సీసా తీసింది. నల్ల మూత. మీద ఎర్ర అక్షరాలు.

నర్సు ఆ సీసా అందుకుంది. అక్షరాలు చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఇదెక్కడిది?"

"మా అత్తగారిది. ఎముకలు బోలుగా అయిపోయాయని రాసిచ్చారు. వారానికోసారి మూతతో తాగాలట. ఆవిడ వాసన గిట్టదని మొండికేసింది. అందులోనూ డి విటమినే అని దుకాణంలో ఆయన చెప్పాడు. గిన్నెలో సగం ఉత్త నూనే కదా, పిల్లలకి సగం బలమే అందుతోంది. అది సరిచేద్దామని పోయిన నెల ఒక సీసా పోశా. ఇది ఈ నెలది. పారబోసే బదులు పిల్లలకైనా పనికొస్తుంది."

"పోయిన నెల పోశారా? మొత్తం?"

"మొత్తమే. అడుగున మిగలకుండా సీసా బోర్లించి పెట్టా," అంది కండక్టరు, పని శుభ్రంగా చేశానన్న తృప్తితో.

నర్సు ఆ సీసాని జేబులో వేసుకుంది. గిన్నెని రెండు చేతులా పట్టి బల్ల మధ్య నుంచి తన వైపు లాక్కుంది. ఇంతవరకూ ఆమె ఒక చెల్లెలు. ఆ తర్వాత మాట్లాడిన మాటలు క్లినిక్‌లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"ఇవాళ్టి నుంచి ఎవరూ పిల్లలకి చుక్కలు వెయ్యకండి. ఒక్క చుక్క కూడా. ఇది ఎక్కువైతే ఒంట్లోంచి తొందరగా పోదు, నిలవుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, మలబద్ధకం, మరీ ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇది పెద్దవాళ్ళకి వారానికోసారి ఇచ్చే మందు. పిల్లలకి మీరు రోజూ వేస్తున్నారు."

కండక్టరు ముఖంలో తృప్తి మెల్లగా జారిపోయింది. "చుక్కలే కదమ్మా వేస్తున్నాం. అంత గిన్నెలో కలిసిందేగా."

"అందుకే చాలామందికి ఏమీ కాకపోవచ్చు. కాలేదని రక్తం చూసి చెప్పాలి, మీరూ నేనూ చూసి కాదు. ల్యాబ్‌లో ఇప్పటిదాకా చూసినవి మీరిది పొయ్యకముందు తీసిన రక్తాలు." ఆమె ఫోను తీసింది. "డాక్టరమ్మకి చెప్పాలి."

అక్క చెయ్యి వచ్చి ఆ ఫోను మీద పడింది. సూది కుచ్చుకుని కుచ్చుకుని గట్టిపడిన వేళ్ళు. "చెప్పు. వద్దనను. రక్తాలు తియ్యమను. గట్టి మందు కలిసిందని చెప్పు. ఎక్కడ కలిసిందో చెప్పకు."

"ఎట్లా కుదురుతుందక్కా? ఎవరెవరి పిల్లలో చెప్పొద్దా?"

"వీళ్ళవి చెప్పు. పిచ్చుకది నేను వేరే డాక్టరు దగ్గర చూపించుకుంటాను. దాన్ని పరీక్షలోంచి తీసేస్తే ఆ ఆయింట్‌మెంటు ఎవరిస్తారు? నెలనెలా దాని ఒళ్ళు ఓపిగ్గా చూసేదెవరు? పూచీ పడ్డానన్నావుగా, నీ పూచీ ఏమవుతుంది? నీ ఉద్యోగం? నేను నా కోసమే అడగట్లేదు."

"అబ్బో! మా పిల్లలవి మాత్రం చెప్పొచ్చన్నమాట," అంది కవలల తల్లి. ఆవిడ గొంతు పెంచలేదు. "ఒకే గిన్నె అన్నప్పుడు ఈ మాట లేదే."

అక్క ముఖం ఎర్రబడింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

నర్సు ఆ చేతిని చూసింది. తన బడి గౌన్లన్నీ కుట్టిన చెయ్యి. ఇప్పుడు అబద్ధం ఆడాలంటే పెద్ద కష్టమేం లేదు. మందు తయారైన చోట తప్పంటే నమ్మేస్తారు, ఏదో సాకుతో పిల్లలందరి రక్తం తీయించవచ్చు, అక్క పేరు ఎక్కడా రాదు. ఆమె అదంతా ఆలోచించింది. ఆలోచించలేదని ఈ కథ చెప్పేవాళ్ళు కూడా అనలేరు. కానీ ఏ పిల్లకి ఎంత మందు పోయిందో తేలాలంటే గిన్నెలో ఏం పోశారో, ఎవరు పోశారో, ఎన్నాళ్ళు వేశారో అన్నీ తెలియాలి. ఒక్క అబద్ధం మధ్యలో దూరినా లెక్క తప్పుతుంది. ఆ లెక్కలో పిచ్చుక కూడా ఉంది.

"చెయ్యి తియ్యక్కా," అంది.

అక్క తీసింది. వెళ్ళి మిషను ముందున్న స్టూలు మీద, వీపు ఇటు పెట్టి కూర్చుంది.

డాక్టరమ్మ వెంటనే ఫోనెత్తింది. వెనక వార్డు గోల వినిపిస్తోంది. నర్సు అంతా చెప్పింది. కవలలు, సగం సగం, గిన్నె, అత్తగారి సీసా. తడుముకోలేదు. చివర్లో మాత్రం ఒకసారి ఆగి, "మా అక్క ఇంట్లో, మేడమ్. అక్క బల్ల మీదే," అంది.

మిషను దగ్గర స్టూలు కిర్రుమంది.

"సరే," అంది డాక్టరమ్మ. "కోప్పడటానికి తర్వాత తీరిక చేసుకుంటాను. చుక్కలన్నీ ఆపించు. పిల్లలందరినీ రేపు పొద్దున్నే తీసుకురమ్మను. ఎవరికైనా వాంతులుంటే ఇప్పుడే. ఆ గిన్నె, సీసాలు పారబోయకు, ఉన్నవున్నట్టు తీసుకురా."

"అలాగే మేడమ్."

"పరీక్ష సంగతి, మీ అక్క సంగతి, నీ సంగతి రేపు." ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. "ఒక మాట. సీసాలు గీత దాకానే నింపుతున్నారన్నావు కదూ?"

"అవును మేడమ్. ఎప్పుడూ చుక్క తేడా రాలేదు."

"ఎవరి నూనె వాళ్ళు పోసి, మళ్ళీ ఎవరి సీసా వాళ్ళు నింపుకుంటే సరిపోతుంది. పోయిన నెల అదనంగా ఒక సీసా పోశారు. మరి ఆ ఎక్కువైంది ఎక్కడికి పోయింది?"

నర్సు గిన్నె వైపు చూసింది.

"ఎందుకడుగుతున్నానంటే," డాక్టరమ్మ గొంతు తగ్గించింది, "ఇందాక పిల్లల వార్డుకి ఒక చంటిబిడ్డని తెచ్చారు. పాలు కూడా నిలవట్లేదు, నీరసించి పోయింది. కాల్షియం ఎంతుందో చూసి ల్యాబ్ ఆయన మిషను చెడిపోయిందనుకున్నాడు. ఏం పట్టావమ్మా అంటే ఆ తల్లి సంచీలోంచి పాత దగ్గుమందు సీసా తీసి చూపించింది. మూత తీశాను. మన చుక్కల్లో వేయించే కమలాపండు వాసన. ఆ బిడ్డ మన పరీక్షలో లేదు. మనం అంత చిన్నపిల్లల్ని తీసుకోనే లేదు. ఎవరిచ్చారంటే చెప్పకుండా ఏడుస్తోంది."

నర్సు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే తల తిప్పింది. "పోయిన నెల గిన్నెలో మిగిలింది ఏం చేశారు?"

కండక్టరు, కవలల తల్లి ఒకరినొకరు చూసుకున్నారు. మా సీసాలు మేం నింపుకుని వెళ్ళిపోయాం అన్నట్టు ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత ముగ్గురూ కుట్టుమిషను వైపు చూశారు.

అక్క వీపు కదల్లేదు.

"అక్కా. ఎవరికిచ్చావు?"

"కింద వాటా అమ్మాయికి," అంది అక్క, గోడకి చెబుతున్నట్టు. "దాని బిడ్డ బుగ్గలు పొక్కుతున్నాయే. మన పిచ్చుకకి ఆ వయసులో పొక్కినట్టే, ఎర్రగా, తడితడిగా. చూడలేకపోయాను. మన దానిలా అవకూడదని... అంత మంచి మందు పారబోయడమెందుకని..."

"ఎంత పట్టమన్నావు?"

అక్క ఇటు తిరిగింది. నర్సు పుట్టి బుద్ధెరిగాక అక్క ముఖంలో భయం చూడటం అదే మొదలు.

"ఆ సీసాకి చుక్కల మూత లేదు కదే," అంది. "చెంచాతో పట్టమన్నాను. పూటకో చెంచా."